సొంత అన్నదమ్ములా, వరస అన్నదమ్ములా? కాగితం లేని చుట్టరికం గ్రాంప్స్‌ (వంశవృక్షం రాసుకునే ప్రోగ్రాము)లో ఎక్కించడం

చంపావతి గట్టు: మాది చీపురుపల్లి దగ్గర ఊరు. 1927 అమ్మకం దస్తావేజులో "సింహాచలం, తండ్రి అప్పలనాయుడు" అని ఉంది. అదే ఇంటిపేరుతో అప్పన్న, ఆయన తండ్రీ అప్పలనాయుడే. ఇద్దరూ అన్నదమ్ములని పెద్దల మాట. ఒకే తండ్రి కింద పెట్టి, పేరు పక్కన ప్రశ్నార్థకం వేస్తే చాలా మాస్టారూ?

తాటిబెల్లం: వద్దండి. మనవైపు అప్పలనాయుడు లేని వీధి ఉందా? పైగా తాత పేరు మనవడికి పెడతారు. ఇద్దరు అప్పలనాయుళ్లనూ వేరువేరుగానే ఎక్కించండి. కలపడం క్షణంలో పని. తర్వాత విడదీయాలంటే ఏ కాగితం ఎవరిదో మొదటినుంచి చూసుకోవాలి. సింహాచలం పేజీలో అసోసియేషన్స్ ట్యాబ్ తెరిచి, అప్పన్నను చేర్చి "అన్నదమ్ములు కావచ్చు" అని రాయండి. సైటేషన్‌లో (ఆధారం రాసేచోట) ఎవరు, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పారో ఉన్నదున్నట్టు రాసి, కాన్ఫిడెన్స్ (ఆ ఆధారం మీద నమ్మకం) "లో", అంటే తక్కువ, అని పెట్టండి.

నాగావళి: బిడ్డకి తండ్రితో వరస ఏమిటని అడిగేచోట "అన్‌నోన్" ఎంచుకుని ఊరుకునేవాళ్లున్నారు. దానర్థం కన్నబిడ్డో దత్తతో తెలియదని. కొడుకు అవునో కాదో తెలియదని కాదు. చార్టులో తండ్రీకొడుకుల గీత మాత్రం గీసేస్తుంది. జెడ్‌కామ్‌లో (ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదానికి వంశవృక్షం పంపే ఫైలు) పంపితే అసోసియేషన్‌ను అవతలి ప్రోగ్రాము వదిలేయొచ్చు, కాబట్టి అదే మాట నోట్‌లోనూ ఉండాలి.

పాత దస్తావేజు: పెద్దల మాటను ఇంకొంచెం తవ్వండి. పెదనాన్న కొడుకునీ "మా అన్న" అనే అంటాం కదా. "తలకొరివి ఎవరు పెట్టారు, మైల ఎవరెవరు పట్టారు" అని అడగండి. పూర్తి మైల పడితే జ్ఞాతులని (తండ్రివైపు దాయాదులని) తేలుతుంది, అంతవరకే. అసలు రుజువు పంపకాల దస్తావేజు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో వెతికించాలి. ఊరి పేరుతో జిల్లా కూడా కాగితంలో ఉన్నట్టే రాయండి: అప్పటికి విజయనగరం జిల్లా లేదు, 1979లో వచ్చింది. అదే టెక్కలి, సోంపేట వైపైతే 1936 దాకా గంజాం.

చంపావతి గట్టు: సింహాచలం అమ్మిన భూమికి తూర్పు హద్దు "అప్పన్న భూమి" అని ఉందండీ. కాన్ఫిడెన్స్ పెంచొచ్చా?

పాత దస్తావేజు: ఒకే చెక్కను పంచుకుని ఉండొచ్చు, మంచి ఆనవాలే. కానీ ఆ హద్దులో అప్పన్న తండ్రి పేరు రాయలేదు కదా. నోట్‌లో చేర్చి, "లో"గానే ఉంచండి.