కొత్త రోడ్ల పక్కన బయోస్వేల్: కార్పొరేషన్‌ను ఒప్పించాలంటే ఏం పట్టుకెళ్లాలి?

అరండల్‌పేట_ప్లాన్:
విజయవాడ, గుంటూరుల్లో కొత్తగా వేసే 60 అడుగుల రోడ్లకు కాంక్రీట్ డ్రెయిన్ బదులు బయోస్వేల్ (వాననీరు ఇంకేలా మొక్కలు నాటిన పల్లం) పెట్టడం విధానంగా మార్చాలని ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ల తరఫున వినతిపత్రం ఇవ్వబోతున్నాం. ఇంజినీరింగ్ వాళ్ల అభ్యంతరాలు మూడు: నల్లరేగడిలో నీళ్లు ఇంకవు, దోమలొస్తాయి, ఎస్‌ఎస్‌ఆర్‌లో (ప్రభుత్వ పనుల ప్రామాణిక రేట్ల జాబితా) ఈ ఐటమ్ లేదు. వీటికి ఎలా జవాబు చెప్పాలి?

రేగడి_నేల:
ముందు "బదులు" అన్న మాట తీసేయండి. రేగడిలో బయోస్వేల్ అడుగున చిల్లుల పైపు తప్పదు, ఆ పైపు నీళ్లు వదలడానికి డ్రెయిన్ కావాలి. "డ్రెయిన్‌కు తోడుగా" అని అడిగితే సగం గొడవ అక్కడే తీరుతుంది.

లెక్క చూపించండి. 100 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు తారు మీద 25 మి.మీ. వాన పడితే 17,500 లీటర్లు. అందులో 90 శాతం పారుతుందనుకుంటే సుమారు 15,750. పైన 1.5 మీటర్లు, అడుగున 0.9 మీటర్లు వెడల్పు, 150 మి.మీ. లోతు ఉన్న పల్లంలో ఆ 100 మీటర్లకు 18,000 లీటర్లు నిలుస్తాయి. రోడ్డు వాలుగా ఉంటే అంత నిలవదు, మధ్యమధ్య రాతి అడ్డుకట్టలు వేయాలి.

కింద అర మీటరు ఇసుక ఎక్కువున్న మట్టి మిశ్రమం, దాని కింద 300 మి.మీ. కంకరలో 150 మి.మీ. పైపు. పైపుకు గుడ్డ చుట్టకండి, రేగడి మెత్తటి మట్టికి అది త్వరగా పూడుకుపోతుంది. సన్న కంకర పొర చాలు. డ్రెయిన్ అడుగు మట్టం పైపు కంటే కిందికి లేకపోతే నీళ్లు ఎదురుతంతాయి. లెవెల్స్ (ఎత్తుపల్లాల కొలతలు) తీయకుండా డ్రాయింగ్ ఇవ్వొద్దు.

ఇంజినీర్ల అసలు భయం ఇంకడం గురించి కాదు, రోడ్డు గురించి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, తారు పగులుతుంది. అందుకే రోడ్డు వైపు మీటరు లోతున హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీట్ నిలువుగా దింపినట్టు సెక్షన్‌ (అడ్డుకోత) డ్రాయింగ్‌లో కనబడాలి.

దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు రావడానికి సుమారు వారం పడుతుంది. 24 గంటల్లో పైన నీళ్లు ఖాళీ అయ్యేలా డిజైన్ చేశామని రాస్తే ఆ అభ్యంతరం నిలబడదు. మురుగు కనెక్షన్ ఒక్కటి కలిసినా ఈ వాదనంతా పోతుంది.

బందరు_కాలువ_గట్టు:
ఎస్‌ఎస్‌ఆర్ సంగతి. బయోస్వేల్‌ను ఒకే ఐటమ్‌గా చూపించకండి. తవ్వకం, కంకర, పీవీసీ పైపు, కెర్బ్ (రోడ్డు అంచు రాయి), ఛాంబర్‌లకు రేట్లు ఉన్నాయి. మట్టి మిశ్రమానికీ మొక్కలకూ మాత్రం కొటేషన్లు, రేట్ ఎనాలిసిస్ (ధర ఎలా తేలిందో చూపే లెక్క) కావాలి. ఎస్టిమేట్ రూపంలో ఇస్తే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ముందుకు కదుపుతారు. అందమైన త్రీడీ బొమ్మలు ఫైల్లోనే ఉండిపోతాయి.

కేంద్రం 2019లో తెచ్చిన వరదనీటి డ్రైనేజీ మాన్యువల్, పట్టణ డ్రైనేజీపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు (ఐఆర్‌సీ ఎస్‌పీ 50), చెట్టు మొదలు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని 2013లో ఢిల్లీ విషయంలో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఇచ్చిన ఆదేశం, నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన మన 2002 వాల్టా చట్టం జతచేయండి. నాలుగూ ఒక్క పేజీలో, పేరా నంబర్లతో. ఆర్కిటెక్ట్స్ చట్టం, 1972లో ల్యాండ్‌స్కేప్‌కు విడిగా రిజిస్ట్రేషన్ లేదు, కాబట్టి సివిల్ ఇంజినీర్ సంతకంతో లెక్కలు ఉండాలి. కొత్త బడ్జెట్ ఏప్రిల్‌లో మొదలవుతుంది. డిసెంబరులోపు ఇవ్వకపోతే ఏడాది పోయినట్టే.

కృష్ణలంక_లెవెల్స్:
ఒక హెచ్చరిక. 2024 సెప్టెంబరు బుడమేరు వరదను వినతిపత్రంలో వాడుకోవాలన్న ఆశ పుడుతుంది. వద్దు. సింగ్‌నగర్‌ను ముంచింది ఎగువ నుంచి వచ్చిన ప్రవాహం, బుడమేరు డైవర్షన్ కాలువకు పడ్డ గండ్లు. అలాంటి దాన్ని రోడ్డు పక్కన పల్లం ఆపలేదు. ఆపుతుందని రాస్తే ఇరిగేషన్ వాళ్లు రెండు నిమిషాల్లో కొట్టిపారేస్తారు. గంటసేపు పడే వానకు వీధిలో మోకాలి లోతు నిలిచే చోట్ల జాబితా ఆర్‌టీఐలో అడగండి, వాటికే ప్రతిపాదించండి.

కాలువల పక్కన భూగర్భజలం పైనే ఉంటుంది. మేలో కాదు, అక్టోబరు-నవంబరులో మీటరున్నర గుంట తీసి చూడండి. నీళ్లు ఊరితే ఆ వీధి వదిలేయండి.

అరండల్‌పేట_ప్లాన్:
నిర్వహణ ఎవరిదంటే ఏం చెప్పాలి?

రేగడి_నేల:
టెండర్లోనే 24 నెలల నిర్వహణ పెట్టించండి, బతికిన మొక్కల లెక్కనే బిల్లు. రెండు వేసవులు గడిస్తే కానుగ, తెల్లమద్ది, వట్టివేరు నిలదొక్కుకుంటాయి. కెర్బ్ ఓపెనింగ్ 45 సెం.మీ. కంటే తగ్గితే క్యారీబ్యాగులు అడ్డుపడతాయి. లోపల రాళ్లు పరిచిన చిన్న గుంట పెడితే చెత్త, ఇసుక అక్కడే ఆగుతాయి, శానిటేషన్ వాళ్లు పారతో ఎత్తేయొచ్చు. మట్టి మిశ్రమం రోడ్డు పని పూర్తయ్యాకే నింపాలని స్పెసిఫికేషన్‌లో రాయండి. ముందే నింపితే సిమెంటు నీళ్లు దిగి గట్టిపడుతుంది, జేసీబీ ఎక్కితే ఇంకా అధ్వానం.