సమస్యాపూరణం: “పొలము రక్తమయ్యెఁ బూజ ముగియ”

నేటి సమస్య ఆటవెలదిలో ఉన్నది. ఫ్రెంచి చిత్రకారుడు పాల్ గొగాన్ జీవితాన్నో, చిత్రాన్నో ఆధారంగా తీసుకొని పూరించవలసిందిగా మనవి. 1848లో పారిస్‌లో పుట్టి, పసితనం పెరూలో గడిపి, పదిహేడేళ్లకు ఓడ పనిలో చేరి, షేర్ల దళారీగా కుదురుకొని, అదీ వదలి బ్రిటనీ, మార్టినిక్, తాహితీ తిరిగి, 1903లో మార్క్వెసస్ దీవులలో కన్నుమూసిన మనిషి ఆయన.

మొదటి పూరణ:

తెల్లటోపి దాల్చు తెఱవలు చూడంగ
దేవదూతతోడఁ దెగని పోరు
కుంచె రేపె నంతఁ గుంకుమ వన్నెయై
పొలము రక్తమయ్యెఁ బూజ ముగియ

నిర్వాహకుడు: అమ్మా, చాలా చక్కని పూరణ. 1888లో బ్రిటనీలోని పోంతావెన్‌లో గొగాన్ గీసిన ‘ప్రసంగానంతర దర్శనం’ (చర్చి ప్రసంగం విన్న స్త్రీల ఊహలో యాకోబు, దేవదూతల పోరు) కళ్లకు కట్టింది. రక్తమంటే నెత్తురే కాక ఎఱుపు అని కూడా అర్థం కనుక సమస్యలోని బీభత్సం దానంతట అదే తొలగిపోయింది. గొగాన్ తోటి చిత్రకారుడు వాన్ గోకు రాసిన లేఖలో ఆ నేల రంగును శుద్ధమైన వెర్మిలియన్ అన్నాడు. మన ఇంగిలీకం అదే, కాబట్టి కుంకుమతో పోల్చడం బాగా అతికింది. బైబిలు ఆదికాండంలో యాకోబు పెనుగులాట తెల్లవారేసరికి ముగుస్తుంది గదా అని ఎవరైనా అడగవచ్చు. పటంలో ఇద్దరూ ఇంకా పట్టులోనే ఉన్నారు కనుక ‘తెగని పోరు’ సాధువే.

రెండవ పూరణ:

లీమ నగరమందు లేఁబ్రాయము గడచె
నావ నెక్కి లోకమంత తిరిగె
పల్లె చేరి గీసెఁ బడఁతుల భక్తిని
పొలము రక్తమయ్యెఁ బూజ ముగియ

నిర్వాహకుడు: అయ్యా, రెండవ పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నాల్గవ గణం మొదటి అక్షరంతో పొత్తు) తప్పింది. “నావ నెక్కి తిరిగె నాల్గు దెసల” అనండి. అంతకంటె పెద్ద లోపం, పొలం ఎందుకు ఎఱ్ఱనైనదో పద్యం చెప్పకపోవడం. భక్తిని గీసినంత మాత్రాన నేల రంగు మారదు. ఆ పొలమూ ఆ పోరాటమూ ప్రార్థించేవారి ఊహలోనే ఉన్నాయని గొగాన్ అదే లేఖలో స్పష్టంగా చెప్పాడు. వాలిన చెట్టుమాను ఇవతల ఆ స్త్రీలు, అవతల వారి ఊహ. ఈ విభజన పద్యంలోకి రావాలి.

రెండవ పూరణ కర్త: సవరణకు ధన్యవాదాలండీ. మూడవ పాదాన్ని “పడఁతి కంటి కలనుఁ బచ్చిగా గీసెను” అని మార్చుకొంటున్నాను.

నిర్వాహకుడు: ఇప్పుడు సమస్యకు కారణం దొరికింది. ‘పచ్చి’ పక్కన ‘రక్తము’ పడడం నాకెంతో నచ్చింది.

మూడవ పూరణ:

గుడికి నీయఁబోవ గురువొల్లఁడాయెను
నేల యెఱుపుఁ గాంచి నెమ్మి విడిచి;
చూచు మనసులోనఁ జొచ్చిన దృశ్యాన
పొలము రక్తమయ్యెఁ బూజ ముగియ

నిర్వాహకుడు: పోంతావెన్ దగ్గరి నిజోన్ చర్చికి గొగాన్ ఈ పటాన్ని కానుకగా ఇవ్వబోతే అక్కడి గురువు కాదన్న ఘట్టాన్ని తీసుకోవడం ప్రశంసనీయం. మన కథోలికులూ ‘గురువు’ అనే అంటారు కనుక పదం సహజంగా ఉంది. కాని ఆ గురువు నిరాకరణకు ఎఱుపు ఒక్కటే కారణమని తేల్చడం కవి ఊహే అవుతుంది. “నేలఁ జూచినంత నెమ్మి విడిచి” అంటే ఆ ఊహ కొంత సడలుతుంది, యతీ నిలుస్తుంది. ఆనాడు పల్లె గుడికి పనికిరాని ఆ పటం నేడు ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ జాతీయ చిత్రశాలలో ఉన్నది.