హోంవర్కు వాట్సాప్‌లో పంపడం ఆపాలా? (కర్నూలు)

బుధవారపేట అన్న:
రాత్రి తొమ్మిదయితే మా గేటు చప్పుడవుతుంది. పక్క వీధి పిల్లలు ముగ్గురు. "అన్నా, హాట్‌స్పాట్ వేస్తావా?" వాళ్లింట్లో పనిచేసే ఫోను ఒకటే, అది వాళ్ల నాన్నతో పాటు ఆటోలో తిరుగుతుంటుంది. పిల్లల చేతిలో ఉండేది అమ్మ ఫోను. రీచార్జ్ అయిపోయి నెలయింది, వైఫై తగిలితే వాట్సాప్ మాత్రం కదులుతుంది. బడి గ్రూపులో హోంవర్కు ఏడింటికి పడుతుంది, నాన్న ఇంటికొచ్చేది పదింటికి. చేయకపోతే పొద్దున నిలబెడతారు. నేను అడిగేది ఇంతే: చివరి గంట కొట్టేలోపు హోంవర్కు బోర్డు మీద రాసి డైరీలో రాయించండి. ఆ తర్వాత గ్రూపులో పెట్టుకున్నా నాకు పేచీ లేదు.

లెక్కల టీచర్:
చెప్పడం తేలికే అన్నా. నలభై మంది డైరీ రాసేసరికి పావు పీరియడ్ పోతుంది. కొందరు తప్పు రాస్తారు, రాయనివాడు "మేడమ్ ఇవ్వలేదు" అంటాడు. గ్రూపు వచ్చాక ఆ తగాదా పోయింది. జ్వరమొచ్చి బడికి రాని పిల్లకీ అందుతుంది. కంపాస్‌తో త్రిభుజం ఎలా గీయాలో వీడియో పంపితే ఆపుకుంటూ, వెనక్కి జరుపుకుంటూ చూస్తారు. బోర్డు మీద అది కుదరదు. అయినా ఇప్పుడు ఫోను లేని ఇల్లెక్కడుంది?

సి క్యాంపు అమ్మ:
ఇంట్లో ఉండటం వేరు, పిల్ల చేతికి రావడం వేరు మేడమ్. మాకు రోజుకు ఒకటిన్నర జీబీ. పెద్దోడు ఇంటర్, వాడి క్లాసులకే సాయంత్రానికి అయిపోతుంది. 2024 జూలైలో రేట్లు పెరిగాక నా ఫోనుకు రీచార్జ్ మానేశాం. కేబుల్ నెట్ పెట్టిద్దామంటే ఇంటి ఓనరు గోడకు బెజ్జం వేయనివ్వడు. ఇంకో మాట, ఉన్న ఆ ఒక్క ఫోనూ ముందు పిల్లోడికే అందుతుంది, తర్వాతే పిల్లకి. అది మా తప్పే, ఒప్పుకుంటా.

లా స్టూడెంట్:
ఇంటర్నెట్ వాడుకోవడం చదువు హక్కులో భాగమని 2019లోనే కేరళ హైకోర్టు చెప్పింది. హోంవర్కు ఆపమనడం ఎందుకు, నెట్ ఇవ్వమని అడుగుదాం.

బుధవారపేట అన్న:
అది హాస్టల్లో ఆడపిల్లల ఫోన్ల మీద పెట్టిన ఆంక్షల కేసు కదప్పా. ఫోను వాడుకోనివ్వమంది కోర్టు, రీచార్జ్ ఎవరు చేయించాలో చెప్పలేదు. అడుగుదాం, కాదనను. మరి ఈ రాత్రి హోంవర్కు సంగతేంది?

రిటైర్డ్ హెడ్‌మాస్టర్:
2020లో బడులు మూసినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. 2022 డిసెంబరులో సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు పాఠాలు ముందే నింపి ఇచ్చారు, నెట్ లేకున్నా చూసుకునేలా. చిన్న ప్రైవేటు బడుల్లో చదివే ఆటోవాళ్ల పిల్లలకు ఆ ట్యాబ్ కూడా లేదు. ఈ గ్రూపు హోంవర్కు ఎక్కువగా వాళ్లకే.

లెక్కల టీచర్:
సరే సార్, చివరి పది నిమిషాలు బోర్డుకే ఇస్తా. వీడియోలు మాత్రం ఆపను. చూసిన పిల్లలు గీసే బొమ్మ తేడా నాకు తెలుస్తోంది.

సి క్యాంపు అమ్మ:
చూడనివాళ్లు?

లెక్కల టీచర్:
భోజనాల గంటలో నా ఫోన్లోనే చూపిస్తున్నా. నలుగురయితే సరిపోతుంది. నిన్న లెక్కపెడితే పదకొండు మంది.