ఐన్‌బెక్ ద్విపదలో ‘బెక్’ ఉందా, ‘పొక్’ ఉందా?

హాంబుర్గ్ నుంచి: మతసంస్కర్త మార్టిన్ లూథర్ పేర జర్మనీలో తిరిగే రెండు పాదాలు కొంతకాలంగా నన్ను వదలడం లేదు. “డెర్ బెస్టె ట్రాంక్, డెన్ ఐనర్ కెంట్, డెర్ విర్డ్ ఐన్‌బెకర్ బీర్ గెనెంట్”, అనగా మనిషి ఎరిగిన పానీయాలలో మేలైనదాని పేరే ఐన్‌బెక్ అనే ఊరి బీరు. నేటి వ్యాకరణం ప్రకారం చివరి మాట ‘గెనాంట్’ కావాలి కదా? పైగా రెండో పాదంలో ‘ఐన్‌బెకర్’ బదులు ‘ఐన్‌పొక్కిష్’ అన్న పాఠం ఎక్కడో చదివినట్టు గుర్తు. క్రైస్తవుల లెంట్ ఉపవాసాల కాలానికి వచ్చే డొప్పెల్‌బొక్‌లను, అంటే బొక్ అనే ఘాటు బీరులో మరింత చిక్కని రకాన్ని, కొందరం మిత్రులం రుచి చూసి మార్కులు వేయబోతున్నాం. ఈ ద్విపదనే గీటురాయిగా ముందు చదవాలని నా కోరిక.

తెనాలి నుంచి: ‘కెంట్’ మీద అంత్యప్రాస నిలిచిన పద్యంలో ‘గెనాంట్’ అన్నవారికి చెవి లేదనుకోవాలి. ‘గెనెంట్’ అన్నది పాత రూపమే గాని తప్పు కాదు. ఇందులో చర్చించవలసింది ఏమీ లేదు.

మ్యూనిక్ నుంచి: తెనాలి వారు ప్రాసతో ఆగిపోయారు, చిక్కంతా నడకలో ఉంది. రెండో పాదంలో ఊనిక ఒక అక్షరం విడిచి ఒక అక్షరం మీద పడుతుంది. ఆ లెక్కన ‘విర్డ్’, ‘బెక్’, ‘బీర్’, ‘నెంట్’ బరువెక్కుతాయి. కాని ఆ ఊరి పేరును మామూలుగా పలికేటప్పుడు బరువు ‘ఐన్’ మీదే ఉంటుంది. బవేరియన్ల నోట ఆ పేరు ‘ఐన్‌పొక్’ అయి, ముందున్న ‘ఐన్’ను ‘ఒక’ అనే మాటగా విని వదిలేయగా ‘బొక్’ మిగిలింది. రెండో అక్షరం మీద బరువు లేకపోతే అది మిగిలేదే కాదు. కనుక ఈ ద్విపద పుట్టింది ఐన్‌బెక్ ఉన్న ఉత్తరాన కాదు, మా దక్షిణానే అని నా నమ్మకం. బొక్ అంటే మేకపోతు కూడా కావడంతో సీసాల మీదికి మేకపోతు బొమ్మ ఎక్కింది. దాన్ని చూసి వ్యుత్పత్తి చెప్పేవారు ఇక్కడ ఉండరనే ఆశిస్తాను.

విజయనగరం నుంచి: పాఠం తేల్చకముందే కర్తను నమ్మేస్తున్నారు. 1521లో వర్మ్స్ నగరంలో జరిగిన సామ్రాజ్య సభలో లూథర్‌కు ఎరిక్ ప్రభువు ఐన్‌బెక్ బీరు పంపాడన్న కథ ఉన్నంత మాత్రాన ద్విపద కూడా ఆయనదే అయిపోదు. మనవారు రసికత ఉన్న చాటువు ఏది దొరికినా శ్రీనాథుడి ఖాతాలో వేయడం ఎరుగనిదా? అయినా పల్నాటి జొన్నకూటి మీద ఆయన పేర వినిపించే ఈసడింపులో ఉన్న రుచిజ్ఞానం ఈ జర్మన్ పొగడ్తలో నాకు కనిపించదు. ‘మేలైనది’ అన్నాడే గాని ఎందుకు మేలో ఒక్క విశేషణమైనా వేయలేదు.

స్టుట్‌గార్ట్ నుంచి: విశేషణం లేకపోవడం కన్నా పెద్ద లోపం ఒకటుంది. ద్విపద మెచ్చుకున్న బీరు, హాంబుర్గ్ మిత్రులు గ్లాసులో పోయబోయే బీరు ఒకటి కావు. పాత ఐన్‌బెక్ బీరులో బార్లీతో పాటు గోధుమ కూడా ఉండేది, అది పైకి తేలే ఈస్టుతో పులిసేది. నేటి డొప్పెల్‌బొక్ అడుగున పులిసి, చలిలో చాలాకాలం మాగిన లాగర్. జర్మనీలో పులియకముందు దాని ద్రవంలో కరిగిన సారం 18 శాతానికి తగ్గకూడదు, మామూలు బొక్‌కు 16 చాలు. ఉపవాసంలో అన్నానికి బదులుగా దీన్ని కాచుకున్నారని చెప్పే మ్యూనిక్ పౌలా సన్యాసుల సాల్వటోర్ అనే బీరు నుంచే మిగిలిన సారాయిల పేర్లకూ ‘–టోర్’ తోక వచ్చింది. తీర్పుకు గీటురాయి కావాలంటే బీరు పోటీల న్యాయనిర్ణేతలకు అర్హత ఇచ్చే అమెరికా సంస్థ బీజేసీపీ వారి మార్కుల పత్రం నయం. అందులోని 50 మార్కులలో రుచికి 20, వాసనకు 12 ఇచ్చి, రూపానికి 3 మాత్రమే విదిలిస్తారు. ముదురు రంగు రకంలో కాల్చిన రొట్టె పైపొర వాసన రావాలి, మాడు వాసన రాకూడదు. వెన్న వాసన తగిలితే దోషమే. మద్యం గొంతులో వెచ్చగా దిగాలి గాని మండకూడదు. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) రుచి ఎంత నిండుగా ఉన్నా మొహం మొత్తకూడదు, నా దృష్టిలో అసలు పరీక్ష అదే. మరీ చల్లగా పోస్తే వీటిలో ఏదీ తెలియదు.

విజయనగరం నుంచి: బీరును ‘సారాయి’ అనడం ఏ నిఘంటువు ఒప్పుకుంటుందో స్టుట్‌గార్ట్ వారు సెలవివ్వాలి. ‘మొహం మొత్తకూడదు’ అన్న మాటకు మాత్రం పూర్తి మార్కులు. ద్విపదలో లేనిది అదే.

హాంబుర్గ్ నుంచి: మార్కుల పత్రానికి కృతజ్ఞతలు. చదివేటప్పుడు ‘ఐన్‌బెకర్’ అనాలా, ‘ఐన్‌పొక్కిష్’ అనాలా అన్నది ఇంకా మిగిలే ఉంది.

తెనాలి నుంచి: ‘గెనెంట్’ అని ముగించండి, మిగిలినది మీ ఇష్టం. మ్యూనిక్ వారి ఊనిక వాదం నిలవాలంటే, ‘విర్డ్’ను తేల్చి ‘ఐన్’ మీద బరువు వేసి చదివితే పాదం ఎక్కడ కుంటుతుందో వారే ముందు చూపించాలి. నేను అలాగే చదివాను, నాకు కుంటలేదు.