గుంటూరులో ల్యాండ్‌స్కేపింగ్: హార్టికల్చర్ డిప్లొమా తర్వాత ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తపేట_గుంటూరు:
హార్టికల్చర్ డిప్లొమా అయింది. అంట్లు కట్టడం, ఎరువులు, తెగుళ్లు తెలుసు. ల్యాండ్‌స్కేపింగ్‌లో స్థిరపడాలని ఉంది. నర్సరీ పెట్టాలా, డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా, కాంట్రాక్టర్ దగ్గర చేరాలా? విజయవాడ, మంగళగిరి వైపు పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి అన్నా.

పటమట_తోట:
కాంట్రాక్టర్ దగ్గర సైట్ సూపర్‌వైజర్‌గా చేరు తమ్ముడూ. ఒకే సైట్ మీద ఒక వేసవి, ఒక వానాకాలం ఉండాలి. గడ్డి పరిచిన రోజు ఎవరి లాన్ అయినా పచ్చగానే ఉంటుంది. పనితనం తేలేది రోహిణి కార్తెలో, ఆ తర్వాత ముసుర్లలో.

మన దగ్గర పని చెడేది మట్టి దగ్గరే. గుంటూరు, తుళ్లూరు వైపు నల్లరేగడి వానకు ఉబ్బి నీళ్లు నిలబెడుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. చాలామంది ఆరంగుళాలు తవ్వి ఎర్రమట్టి నింపుతారు. అది అడుగున చిల్లు లేని తొట్టె అవుతుంది, గడ్డి పసుపెక్కి వేర్లు కుళ్లుతాయి. తవ్వకుండా నల్లమట్టికే పది అడుగులకు ఒకటిన్నర అంగుళాల వాలు తీసి, దాని మీద ఆరంగుళాల మిశ్రమం పోయాలి: ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు. వాలు చివర కంకర కాలవలో 4 అంగుళాల చిల్లుల పైపు వేసి బయటి డ్రెయిన్‌లో కలపాలి.

లెక్క నేర్చుకో. 1000 చదరపు అడుగులకు ఆరంగుళాలంటే 500 ఘనపుటడుగులు, అంటే 5 యూనిట్లు. తడిపి రోలర్ తిప్పాక దిగుతుంది కాబట్టి 6 తెప్పించాలి. ట్రాక్టర్ తొట్టిని టేపుతో కొలిచాకే లోడు ఒప్పుకో.

ఎర్రమట్టితో తుంగ గడ్డలు వస్తాయి. మట్టి పోశాక నీళ్లు పెట్టి రెండు వారాలు ఆగి, మొలిచిన తుంగను గడ్డతో సహా పీకించి, ఇంకోసారి అలాగే చేశాకే లాన్ పరచాలి. ఓనర్ తొందరపెడతాడు, ఒప్పుకోవద్దు. లాన్‌కు వేసే మెక్సికన్ గడ్డిలోకి తుంగ దిగాక వదిలించడం చాలా కష్టం.

నీటిలెక్క:
ఒక్కచోట ఒప్పుకోను. ఎరువు అరపాలు చాలు. ఎక్కువైతే అది చివికే కొద్దీ నేల దిగి లాన్ ఎగుడుదిగుడు అవుతుంది.

కడియం నర్సరీల మొక్కల గురించి చెప్తా. షేడ్‌నెట్ కింద పెరిగిన క్రోటన్లను దిగిన రోజే ఎండలో నాటితే ఆకులు మాడిపోతాయి. పది పదిహేను రోజులు 50 శాతం నెట్ కింద ఉంచి అలవాటు చేయాలి. సంచిలో బంకమట్టి ఎండి గట్టిపడి ఉంటే నీళ్లు లోపలికి పోవు, ముందురోజే నానబెట్టాలి. సంచి కవరు పూర్తిగా కోసి తీసి, చుట్టలు చుట్టుకున్న వేర్లు కత్తిరించాలి. కవరుతోనే పాతితే వేరు బయటికి పారదు, కొన్నాళ్లకు చెట్టు గాలికి ఒరుగుతుంది. దగ్గర నిలబడి చూసుకోవాల్సిన పని ఇది. నీడకు పొగడ, కానుగ మంచివి. తురాయి కొమ్మలు తుఫాను గాలికి విరుగుతాయి, పార్కింగ్ పక్కన వద్దు.

బోరు నీటికి ఈసీ పరీక్ష (నీటిలో ఉప్పు ఎంతుందో తెలిపేది) చేయించకుండా కొటేషన్ ఇవ్వకు. ఉప్పు నీళ్లయితే లాన్ తగ్గించి బోగన్‌విల్లా, గన్నేరు పెంచుకోమని అప్పుడే చెప్పాలి (గన్నేరు విషం, పిల్లలు ఆడేచోట పెట్టొద్దు). మే నెలలో రోజుకు 6 మిల్లీమీటర్ల లెక్కన 1000 చదరపు అడుగుల లాన్‌కు దాదాపు 550 లీటర్లు కావాలి. సంపు అంత ఇస్తుందా చూడు. పొదలకు 16 ఎంఎం ఇన్‌లైన్ డ్రిప్ (డ్రిప్పర్లు పైపులోనే ఉండేది), దాని ముందు చెత్త ఆపే డిస్క్ ఫిల్టర్ పెట్టాలి. వారానికోసారి లైన్ చివర మూత తీసి నీళ్లు వదలకపోతే డ్రిప్పర్లు పూడుకుపోతాయి.

బిల్లుబుక్:
డబ్బు సంగతి. నర్సరీ ఇప్పుడే వద్దు, పెట్టుబడి మొక్కల్లో ఇరుక్కుంటుంది. సొంతంగా మొదలుపెడితే అపార్ట్‌మెంట్ల నెలవారీ మెయింటెనెన్స్‌తో మొదలుపెట్టండి, జీతాలకు ఆధారం అదే. కొటేషన్‌లో మొక్క పేరుతో పాటు ఎత్తు, సంచి సైజు రాయాలి. లేకపోతే అయిదడుగుల మొక్క అనుకున్నామని బిల్లు ఆపుతారు. అడ్వాన్స్, మట్టి దిగాక, గడ్డి పరిచాక, మూడు నెలలకు అని విడతలు పెట్టుకోండి. నీళ్లు పెట్టేది వాళ్ల వాచ్‌మన్ అయితే చచ్చిన మొక్కకు మీరు పూచీ పడొద్దు. మెయింటెనెన్స్ మీదైతేనే రీప్లేస్‌మెంట్ రాయండి.

మొక్కలకు జీఎస్టీ లేదు, సర్వీసుకు ఉంది. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. మొక్కలూ కూలీ ఒకే మొత్తంగా బిల్లు వేసేముందు ఆడిటర్‌ని అడగండి.

కొత్తపేట_గుంటూరు:
చాలా థాంక్స్ అన్నా. మరి స్కెచప్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు, పై చదువు?

పటమట_తోట:
డిప్లొమా వాళ్లకు హార్టిసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా వెంకటరామన్నగూడెంలోని హార్టికల్చరల్ యూనివర్సిటీలో బీఎస్సీ సీట్లుంటాయి. పెద్ద క్యాంపస్‌లలో హార్టికల్చర్ ఆఫీసర్ కావాలంటే అది చెయ్యి. విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో ల్యాండ్‌స్కేప్ ఎం.ఆర్క్ ఉంది కానీ దానికి బీ.ఆర్క్ ఉండాలి. స్కెచప్ తర్వాత. ముందు 1:100 ప్లాన్ చదివి నేల మీద సున్నంతో గీయడం, లెవెల్ పైపుతో వాలు చూడటం వస్తే సూపర్‌వైజర్ పని ఇస్తారు. చేరడానికి జూన్ మంచిది, నాట్లు అప్పుడే మొదలవుతాయి.