మన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును ఇంకొకరికి అప్పగించాలంటే ఎలా?

పాతఫాంటు_పంతులు:
అందరికీ నమస్తే. అను అనే పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చే చిన్న పైథాన్ లైబ్రరీ ఒకటి చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. డీటీపీ సెంటర్లవాళ్లు, పాత పత్రికల ఫైళ్లున్నవాళ్లు, కొందరు పీహెచ్‌డీ పిల్లలు వాడుతుంటారు, పెద్ద జనమేం కాదు. ఇప్పుడు ఉద్యోగం మారింది, ఇంట్లో చంటిపిల్ల, కోడ్ ఉంచే గిట్‌హబ్ నుంచి నోటిఫికేషన్ వస్తే చాలు టెన్షన్. పుల్ రిక్వెస్టులు (వేరేవాళ్లు కోడ్ మార్చి, కలుపుకోమని పంపేవి) నెలల తరబడి అలాగే పడి ఉంటున్నాయి. ఈమధ్య ఒకాయన కోడ్ బాగా పంపుతున్నాడు, టెస్టులు కూడా రాస్తున్నాడు. మొన్న మెయిల్ పెట్టాడు, మీకు కుదరకపోతే రైట్స్ నాకిచ్చేయండి, నేను చూసుకుంటానని. మనిషిని ఎప్పుడూ చూడలేదు, ఏ ఊరో కూడా తెలియదు. ఇచ్చేయాలనే ఉంది కానీ ఎక్స్‌జెడ్ గొడవ (లైనక్స్‌లో వాడే ఆ కంప్రెషన్ టూల్‌లో, సాయానికి వచ్చినవాడే దొంగ కోడ్ పెట్టడం) గుర్తొస్తే చెయ్యి రావట్లేదు. ఇలా అప్పగించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏమేం ఇవ్వాలి, ఏది ముందు ఏది తర్వాత? లేక ఆర్కైవ్ కొట్టేసి (ఇక మార్పుల్లేకుండా చూడటానికి మాత్రమే వదిలేసి) ఊరుకోవడమే మేలా?

బిల్డ్_బాబాయ్:
భయపడటంలో తప్పులేదు, కాకపోతే దేనికి భయపడాలో తేల్చుకోండి. కోడ్ మెర్జ్ చేసే (అసలు కోడ్‌లో కలిపే) హక్కు వేరు, రిలీజ్ వదిలే హక్కు వేరు. మొదటిది పాడైతే, మార్పులన్నీ నమోదయ్యే గిట్‌లో కనిపిస్తుంది, వెనక్కి తిప్పొచ్చు. రెండోది పాడైతే ఆ సరికే జనం మెషీన్లలోకి వెళ్లిపోయి ఉంటుంది. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీ విషయంలో జరిగింది అదే. దాన్ని రాసిన డొమినిక్ టార్ తను వాడటం మానేశాడు, నేను చూసుకుంటానని ఒకడు మెయిల్ పెడితే ఎన్‌పీఎంలో (ఆ ప్యాకేజీలు జనానికి దొరికే చోటు) పబ్లిష్ చేసే హక్కు ఇచ్చేశాడు. ఆ కొత్తవాడు ఫ్లాట్‌మ్యాప్-స్ట్రీమ్ అని ఇంకో ప్యాకేజీని డిపెండెన్సీగా (దీనితో పాటు అదీ దిగేలా) తగిలించాడు, దాని లోపలేమో కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్‌ను దోచే కోడ్. ఈవెంట్-స్ట్రీమ్‌కు వారానికి దాదాపు 20 లక్షల డౌన్‌లోడ్లు ఉండేవి. అలాగని డొమినిక్‌ను తిట్టడానికి నాకు మనసొప్పదు, పైసా రాని పనిని ఎన్నాళ్లు మోస్తాడు?

ఎక్స్‌జెడ్‌లో అలా కాదు. జియా టాన్ పేరుతో వచ్చినవాడు రెండేళ్లకు పైగా ఓపిగ్గా పని చేశాడు, ఇంకోపక్క వేరే పేర్లతో కొందరు దాన్ని నడిపే లాస్సె కాలిన్ మీద మెయిలింగ్ లిస్టులో ఒత్తిడి పెట్టారు, మీవల్ల కావట్లేదు కదా ఇంకెవరికైనా ఇవ్వండని. చివరికి 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషీన్‌లోకి వెళ్లే దారి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందా అని తవ్వితే బయటపడింది. కాబట్టి "కొన్నాళ్లు చూశాం, మంచివాడే" అన్నది ఒక్కటే ఆధారం కాదు. అందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇంకొకటుంది. దొంగ కోడ్‌ను టెస్టు ఫైళ్ల ముసుగులో గిట్‌లోనే పెట్టారు కానీ, దాన్ని లేపే బిల్డ్ స్క్రిప్టు ముక్క మాత్రం రిలీజ్ టార్‌బాల్‌లోనే (జనానికిచ్చే ఫైళ్ల కట్టలోనే) ఉంది, గిట్ చూసినవాళ్లకు అది కనపడదు. అందుకే మీరైనా ఆయనైనా లాప్‌టాప్ నుంచి రిలీజ్ చేయొద్దు. పైపీఐలో (పైథాన్ లైబ్రరీలు జనానికి దొరికే చోటు) ట్రస్టెడ్ పబ్లిషింగ్ ఉంది కదా, వర్షన్ ట్యాగ్ వేస్తే గిట్‌హబ్ యాక్షన్సే (గిట్‌హబ్‌లో దానంతటదే నడిచేది) బిల్డ్ చేసి పంపేలా పెట్టండి. దానికి ఇద్దరిలో ఒకరు అప్రూవ్ కొట్టాలని రూల్ పెట్టుకుంటే సగం బెంగ పోతుంది.

గోదారి_గట్టు:
నేను రెండోవైపు మనిషిని, అంటే ఒక ప్రాజెక్టు తీసుకున్నవాణ్ణి. పేరు అనవసరం. పాత మెయింటైనర్ గారు, అంటే అంతకుముందు నడిపినాయన, రిపో (గిట్‌హబ్‌లో కోడ్ ఉండే చోటు) ట్రాన్స్‌ఫర్ చేశారు, నలుగురిలో ప్రకటించారు, అంతా బాగానే ఉంది, పైపీఐ ఓనర్‌షిప్ మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు. ప్రతి రిలీజ్‌కూ ఆయనకు మెయిల్ పెట్టడం, వారాలకొద్దీ ఎదురుచూడటం. బగ్ సరిచేసి మెర్జ్ చేసినా జనం చేతికి అందదు, తిట్లు మాత్రం నాకు. పైగా ప్రతి పుల్ రిక్వెస్టు కిందా ఆయన కామెంటు ఉండాల్సిందే, ఇల్లు అద్దెకిచ్చి రోజూ వచ్చి గోడలకు మేకులు కొట్టారా అని చూసుకుపోయే ఓనర్‌లాగా. కాబట్టి మెల్లగా ఇవ్వండి కానీ ఎప్పటికి పూర్తిగా ఇస్తారో తేదీతో సహా ముందే చెప్పండి. లేకపోతే మంచివాడు కూడా విసుగొచ్చి ఫోర్క్ చేసుకుని (కాపీ తీసుకుని వేరుగా నడుపుకుంటూ) పోతాడు.

ఇంకొకటి, మీ ప్రాజెక్టుకు హక్కులకంటే మీ బుర్రలో ఉన్నదే ముఖ్యం. ఆ పాత ఫాంట్లు అక్షరాన్ని కాకుండా ముక్కల్ని దాస్తాయి కదా, తలకట్టు ఒకటి, గుడి ఒకటి, వత్తు ఒకటి. మ్యాపింగ్ టేబుల్లో ఒక వింత వరస చూసి కొత్తాయన ఇదేదో చెత్త అని తీసేశాడనుకోండి, ఎక్కడో ఎవరి ఫైల్లోనో వత్తులన్నీ చెల్లాచెదురవుతాయి. అది ఎవరి ఫైల్ కోసం పెట్టారో, ఏ వర్షన్ ఫాంటు కోసం పెట్టారో కామెంట్లలో రాసేయండి, వీలైతే ఒక్కో దానికి ఒక టెస్టు పెట్టండి. డీటీపీవాళ్లు మిమ్మల్ని నమ్మి పంపిన శాంపిల్ ఫైళ్లుంటే వాళ్లనడక్కుండా రిపోలో పెట్టకండి, అవి పత్రికల కాపీరైటు సరుకు అయ్యుండొచ్చు.

ఖాళీ_కమిట్:
నాదొక అభిప్రాయం. ఆర్కైవ్ చేయడం కూడా మర్యాదైన పనే, ఎవరూ ఏమీ అనుకోరు. లైసెన్సు ఉంది కదా, కావాల్సినవాడు ఫోర్క్ చేసుకుంటాడు, వాడే కొత్త పేరుతో జనం నమ్మకం సంపాదించుకుంటాడు. మీరు అప్పగిస్తున్నది కోడ్ కాదు, పిప్ ఇన్‌స్టాల్ కొట్టి మీ లైబ్రరీ ఎక్కించుకున్నవాళ్లకు మీ మీదున్న నమ్మకం. ది గ్రేట్ సస్పెండర్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్ 2020లో చేతులు మారింది, 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందని గూగుల్ తీసేసింది. వాడినవాళ్లలో ఎందరికి ఓనర్ మారాడని తెలుసు?

ఇవ్వాలనే ఉంటే మెయిల్లో గుట్టుగా ఇవ్వకండి. డెబియన్ అనే లైనక్స్‌లో ప్యాకేజీ వదిలేయాలనుకునేవాళ్లు ఆర్‌ఎఫ్‌ఏ (రిక్వెస్ట్ ఫర్ అడాప్షన్) అని బహిరంగంగా బగ్ వేసి "ఎవరైనా తీసుకుంటారా" అని అడుగుతారు. మీరూ రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం పేజీలో) పైనే రాయండి, ఇంకో ఇద్దరు ముందుకు రావచ్చు. ఒక్కరికి కాకుండా ముగ్గురికి ఇస్తే ఇంకా నయం. 2023 ఆగస్టులో బ్రామ్ మూలెనార్ పోయాక ఆయన రాసిన విమ్ ఎడిటర్ ఆగిపోలేదంటే, క్రిస్టియన్ బ్రబాంట్ లాంటివాళ్లు ముందునుంచే అందులో పని చేస్తూ ఉండబట్టే.

పాతఫాంటు_పంతులు:
అందరికీ థాంక్సండీ. రీడ్‌మీలో నోటీసు ఈ ఆదివారమే పెడతాను. గిట్‌హబ్‌లో ఆర్గనైజేషన్ ఒకటి తెరిచి రిపో అందులోకి మారుస్తాను, ఆయనకు ముందు మెర్జ్ హక్కు మాత్రమే, ఉగాదికి పైపీఐ ఓనర్‌షిప్ కూడా అని చెప్పేస్తాను. రిపో మారిస్తే పాత లింకులు పోతాయా?

బిల్డ్_బాబాయ్:
పోవు, గిట్‌హబ్ దారి మళ్లిస్తుంది. అయితే మీ ఖాతాలో అదే పేరుతో ఇంకో రిపో తెరిచారో, ఆ మళ్లింపు పోతుంది, కాబట్టి ఆ పేరు జోలికి వెళ్లకండి. డాక్స్ గిట్‌హబ్ పేజెస్‌లో ఉంటే ఆ లింకులు మళ్లవు, విడిగా చూసుకోవాలి. ట్రస్టెడ్ పబ్లిషింగ్ కూడా రిపో ఓనర్ పేరుతో ముడిపడి ఉంటుంది, మారిన తర్వాత పైపీఐలో మళ్లీ నమోదు చేయాలి. అన్నిటికన్నా ముందు సెట్టింగ్స్‌లో సీక్రెట్స్ చూడండి. అక్కడ మీ పాత పైపీఐ టోకెన్ (రిలీజ్ చేయడానికి తాళంచెవి లాంటిది) ఉంటే రిపోతో పాటు అదీ వెళ్తుంది, తర్వాత ఎవరు రిలీజ్ చేసినా మీ పేరు మీదే పడుతుంది. ఈ రాత్రే రద్దు చేసేయండి.