మొదట విన్న పాటల పట్టు ఎందుకు సడలదు?

హనుమకొండ శ్రోత (ప్రశ్న):
ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో చౌరస్తా దగ్గరి రికార్డింగ్ సెంటర్‌లో పాటల జాబితా రాసిచ్చి, ఖాళీ క్యాసెట్‌లో నింపించుకున్న పాటలు ఇప్పుడు ఎక్కడ వినిపించినా మనసు కదిలిపోతుంది. ఆ తర్వాత విన్నవాటిలో అంతకంటే మంచి బాణీలు, మంచి సాహిత్యం ఉన్నవి చాలానే ఉన్నాయి. అవి నచ్చుతాయి గాని ఇలా పట్టుకోవు. పైగా ఒక పాట ముగియగానే, ఆ క్యాసెట్‌లో దాని తర్వాత ఉన్న పాట ఎత్తుగడ దానంతటదే మనసులో మొదలవుతుంది, ఫోన్ మాత్రం వేరొకటి వినిపిస్తుంది. ఇది ఆ వయసు మీది మమకారమేనా, వేరే కారణమేదైనా ఉన్నదా?

కాజీపేట అధ్యాపకుడు:
మమకారమని సరిపెట్టుకోనవసరం లేదండి. నడివయసు దాటినవారిని జీవితంలోని జ్ఞాపకాలు చెప్పమంటే, సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య కాలానికి చెందినవే ఎక్కువగా బయటికి వస్తాయని మనస్తత్వ శాస్త్రంలో చాలా కాలంగా తెలుసు. ఏది మన ఇష్టం, ఎవరు మన స్నేహితులు, ఇంట్లోవారికి మనకు తేడా ఎక్కడ అన్న సంగతులు తేలేది ఆ వయసులోనే కాబట్టి, అప్పుడు విన్న పాట ఆ నిర్ణయాలన్నింటితో ముడిపడిపోతుంది. అమెరికాలో హోల్‌బ్రూక్, షిండ్లర్ 1989లో ప్రకటించిన అధ్యయనంలో శ్రోతల ఇష్టం, తమకు సుమారు 24 ఏళ్లున్నప్పుడు వచ్చిన పాటల దగ్గర శిఖరానికి చేరింది. ఇక మీ క్యాసెట్ వరుస గురించి: ఇష్టమైన సంగీతం వింటున్నప్పుడు, పులకింత కలిగే క్షణంలోనే కాక దానికోసం ఎదురుచూసే క్షణంలో కూడా మెదడులో డోపమైన్ అనే, ఆనందంతో ముడిపడిన రసాయనం విడుదలవుతుందని మాంట్రియల్ పరిశోధకులు 2011లో చూపించారు. పాటైనా, పాటల వరుసైనా కంఠతా వచ్చినప్పుడు ఆ ఎదురుచూపు బలంగా ఉంటుంది.

జనగామ పాఠకుడు:
అధ్యాపకుల వారితో సగమే ఏకీభవిస్తాను. వయసుకు అంత బలముంటే, అదే వయసులో హోటళ్లలోనూ బస్సుల్లోనూ విన్న పాటలన్నీ మనల్ని ఇలాగే పట్టుకోవాలి, కానీ వాటిలో చాలావాటి పల్లవి కూడా గుర్తులేదు. పదేపదే ఎదురైనదాని మీద ఇష్టం పెరుగుతుందని జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే చెప్పాడు. మన దగ్గర ఉన్నవే నాలుగైదు క్యాసెట్లు, కాబట్టి వాటినే అరిగిపోయేదాకా విన్నాము. ఆ కొరతే ఈ పట్టుకు మూలమని నా అభిప్రాయం. (రికార్డింగ్ సెంటర్ వారు చివర్లో టేపు చాలక సగంలో ఆపేసిన పాట నాకు నేటికీ అక్కడిదాకానే వచ్చు!)

కరీంనగర్ నుంచి ఒక సోదరి:
అన్నలిద్దరూ తామై ఎంచుకున్న పాటల గురించే మాట్లాడుతున్నారు. బతుకమ్మ పాటలను మాలో ఎవరూ ఎంచుకోలేదు, కొని వినలేదు, ఏడాదిలో తొమ్మిది రోజులకు మించి పాడేదీ తక్కువే. అయినా నాయనమ్మ చెయ్యి పట్టుకొని తిరిగినప్పుడు విన్న ‘ఉయ్యాలో’ వినబడితే, ఏ క్యాసెట్ పాటకూ రానంతగా కన్నీళ్లు వస్తాయి. కాబట్టి యుక్తవయసూ, నిత్యం వినడమూ రెండూ చాలవు. క్రుమ్‌హాన్సెల్, జుప్నిక్ 2013లో ప్రకటించిన పరిశోధనలో, ఇరవై ఏళ్ల యువతీయువకులకు తమ కాలపు పాటలతోపాటు, తల్లిదండ్రుల యవ్వనకాలపు పాటలతో కూడా గట్టి అనుబంధం కనిపించింది. ఇంట్లో ఎవరి పక్కన కూర్చుని విన్నామన్నది కూడా లెక్కలోకి రావాలి కదా. మా బాపు రేడియోలో విన్న పాత పాటలు నా వయసువి కావు, అయినా అవి నావే అనిపిస్తాయి.

కాజీపేట అధ్యాపకుడు:
అమ్మా, మీ ఉదాహరణ నా వాదనకు ఇబ్బందే. ఒక సంగతి మాత్రం చేరుస్తాను. చిరకాలంగా తెలిసిన పాటలను గుర్తించే మెదడు భాగాలు అల్జీమర్స్ వ్యాధిలో మిగతా భాగాలకన్నా ఆలస్యంగా దెబ్బతింటాయని 2015లో ఒక పరిశోధన సూచించింది; వాటిలో ఒకటి కదలికలను సిద్ధం చేసే ప్రాంతానికి చెందినది. చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ, వలయంగా తిరుగుతూ నేర్చిన బతుకమ్మ పాట శరీరానికి కూడా పాఠమే కాబట్టి, ఏడాదికి తొమ్మిది రోజులే అయినా నిలిచి ఉండవచ్చు. జనగామ మిత్రుని సగం పాట సంగతి వేరు. అది టేపు నేర్పినంత మేరకే వచ్చింది.